జనగణమన పాడకపోతే నేరమా? 51ఏ అధికరణ చెప్పేదేమిటి?

నమస్కారం. గోల్కొండ కోటపై ముఖ్యమంత్రి జెండా ఎగురవేసే ఆగస్టు నెల వస్తే చాలు, హైదరాబాదులో ఏ ఇరానీ హోటల్లో కూర్చున్నా ఒక వాదన చెవిన పడుతుంది: రాజ్యాంగంలోని 51ఏ అధికరణ ప్రకారం జాతీయగీతాన్ని గౌరవించడం పౌరుని విధి, కనుక పాడనివాడు దేశద్రోహి, వాణ్ణి శిక్షించే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఇందులో మొదటి మాట నిజమే గాని, మిగిలిన రెండూ దాని నుంచి పుట్టవు. సుప్రీంకోర్టు 1986లోనే ఈ సంగతి తేల్చినా వాదన మాత్రం చావకపోవడం నాకు మహా చికాకు.

కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు తోబుట్టువులు బడిలో జనగణమన మొదలైతే అందరితోపాటు లేచి నిలబడేవారు గాని, పాడటానికి తమ మతం ఒప్పదని పెదవి కదిపేవారు కారు. విషయం శాసనసభ దాకా వెళ్లింది. విచారణ జరిపినవారు సైతం పిల్లలు గీతాన్ని అవమానించలేదనే చెప్పారు. అయినా 1985 జూలైలో వారిని బడి నుంచి పంపివేశారు.

బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా ప్రసిద్ధమైన ఆ వివాదంలో తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మన తెలుగువారు, మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసినవారు. ఆయన పేరు మనం ఇంత తక్కువగా తలచుకోవడం అన్యాయమే. అసలు ఆ పిల్లలు మీరిన చట్టం ఏది అన్నది అక్కడ తేలవలసిన ప్రశ్న. 1971 నాటి జాతీయ గౌరవ చట్టం ప్రకారం, ఇతరులు పాడకుండా కావాలని అడ్డుకోవడం, పాడుతున్న సభకు భంగం కలిగించడం నేరాలు. మౌనంగా నిలబడటం ఈ రెండింటిలో ఏదీ కాదు. ఇక మిగిలినవి గీతం పాడాలన్న విద్యాశాఖ సర్క్యులర్లు. భావప్రకటన స్వేచ్ఛపై ఆంక్ష పెట్టాలంటే 19వ అధికరణ చట్టాన్ని అడుగుతుంది, సర్క్యులర్ సరిపోదు. పిల్లలు గెలిచారు.

సరే, శాసనసభ రేపు గీతాన్ని తప్పనిసరిగా పాడాలని చట్టమే చేసిందనుకుందాం. అప్పుడైనా ఆ ముగ్గురినీ వెంటనే బయటకు పంపడం కుదరదు, ఎందుకంటే ఆ చట్టం 25వ అధికరణలోని మత స్వేచ్ఛకు తట్టుకుని నిలవాలి, నిలవకపోతే 13వ అధికరణ దాన్ని చెల్లకుండా చేస్తుంది. 1976లో, అత్యవసర పరిస్థితి నడుస్తుండగా, 42వ సవరణతో వచ్చిన 51ఏలోని మొదటి విధి కూడా రాజ్యాంగానికి కట్టుబడి ఉండటమే. పతాకం, గీతం ఆ వాక్యంలో దాని తర్వాతే వస్తాయి. అంటే, ప్రభుత్వానికి హద్దు గీసే 13వ అధికరణను గౌరవించడం కూడా మన దేశభక్తి విధుల్లో భాగమే. 51ఏను ఉదహరించేవారిలో ఎంతమంది ఆ వాక్యాన్ని మొదటి నుంచి చదివారో నాకు అనుమానమే.

సమయం మించిపోతోంది కనుక మిగిలినవి గబగబా చెబుతాను. ప్రభుత్వాన్ని ఘాటుగా విమర్శించినంత మాత్రాన రాజద్రోహం కాదని, హింసకు పురికొల్పడం ఉండాలని 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసు చెప్పింది. అత్యవసర పరిస్థితిలోనూ 20, 21 అధికరణల హక్కులను, అంటే అన్యాయమైన శిక్షల నుంచి రక్షణను, ప్రాణ, వ్యక్తిగత స్వేచ్ఛలను, నిలిపివేయడానికి వీల్లేదని 1978లో 44వ సవరణ కట్టడి చేసింది. సినిమా హాళ్లలో గీతం తప్పనిసరి అన్న 2016 నాటి ఉత్తర్వును సుప్రీంకోర్టే 2018 జనవరిలో సవరించి, వేయడం వేయకపోవడం హాలు యాజమాన్యం ఇష్టానికి వదిలేసింది. వేసినప్పుడు లేచి నిలబడాలన్న నియమం అలాగే ఉంది, దివ్యాంగులకు మినహాయింపు కూడా ఉంది. పక్క సీటులోని మనిషి పాడుతున్నాడో లేదో తనిఖీ చేసే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు.