మినీ ట్రాక్టర్‌కి క్విక్ హిచ్ అవసరమా? ఒక సీజన్ వాడాక నా మాట

నమస్తే అండి. నా వెనక ట్రాక్టర్‌కి తగిలించి ఉన్న ఈ ఇనుప ఫ్రేమే క్విక్ హిచ్, పనిముట్లని సులువుగా తగిలించుకోవడానికి. మా బత్తాయి తోటలో ఒక సీజనంతా వాడాను.

ఇది రాకముందు రోటావేటర్ (మట్టిని గుల్ల చేసే పనిముట్టు) తగిలించాలంటే మా ఇంట్లో ఇద్దరి పని. నేను రివర్స్ చేస్తుంటే తమ్ముడు వెనక నిలబడి గడ్డపారతో రోటావేటర్‌ని జరిపేవాడు. అలా నిలబడకూడదు, తెలుసు, తిట్టండి. పైగా చాలా రోజులు నేను వరస కూడా తప్పే పెట్టాను. పనిముట్టుని పట్టుకునే ట్రాక్టర్ వెనక చేతులే లింకులు. సరైన వరస ఇదీ: ముందు కింది ఎడమ లింకు, తర్వాత కుడిది, చివర్లో పైనుండే టాప్ లింకు. మా బండిలో ఎడమది ఎత్తు మారదు. కుడిదానికి హ్యాండిల్ ఉంది, తిప్పితే పైకీ కిందికీ వస్తుంది కాబట్టి పిన్ను రంధ్రానికి సరిపెట్టుకోవచ్చు. ఈ ఒక్కటి తెలిశాక గడ్డపార పని సగం తగ్గింది.

ఇక క్విక్ హిచ్. రివర్స్‌లో వెళ్లి, పై కొక్కెం పనిముట్టు టాప్ పిన్ను కిందికి రాగానే లిఫ్ట్ లేపాలి. కింది పిన్నులు ఫ్రేము దవడల్లో కూర్చుంటాయి, లివర్లు లాక్ చేస్తే సరి. మధ్యలో మనిషి అక్కర్లేదు. నాకు నచ్చింది అదే. ఇంజన్ శక్తిని పనిముట్టుకి అందించే పీటీఓ షాఫ్ట్ మాత్రం ఇంజన్ ఆపి, దిగి చేత్తోనే కలపాలి.

ఇప్పుడు తలనొప్పులు. కేటగిరీ 1 (చిన్న ట్రాక్టర్ల సైజు) క్విక్ హిచ్‌కి కింది పిన్నుల నుంచి టాప్ పిన్ను 15 అంగుళాల ఎత్తులో ఉండాలి. మా రోటావేటర్‌కి సరిపోయింది. ఊళ్లో చేయించిన కల్టివేటర్‌కి 18 ఉంది, కొక్కెం అందలేదు. వెల్డింగ్ షాపుకి తీసుకెళ్లాల్సి వచ్చింది. కింది పిన్నులకు బుష్‌లు (పిన్ను మీద తొడిగే గొట్టాలు) కూడా వేయాలి, లేకపోతే దవడల్లో గడగడలాడతాయి.

రెండోది అసలైన టెన్షన్. ఫ్రేము మందం వల్ల పనిముట్టు కొన్ని అంగుళాలు వెనక్కి జరుగుతుంది. దాంతో షాఫ్ట్ గొట్టాలు ఒకదానిలో ఒకటి తక్కువగా దూరతాయి. నిమిషానికి 540 చుట్లు తిరిగేటప్పుడు అది ఊడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంజన్ ఆపే ఉంచి, లిఫ్ట్ పూర్తిగా పైన ఒకసారి, పూర్తిగా కింద ఒకసారి పెట్టి కొలవండి. బరువు వెనక్కి పోతుంది కాబట్టి గట్టు ఎక్కేటప్పుడు చిన్న బండి ముందు చక్రాలు తేలికవుతాయి, అదీ చూసుకోండి.

ఏడాదంతా రోటావేటర్ ఒక్కటే తగిలించి ఉంచేవాళ్లకి ఇది దండగ. రోజూ మార్చేవాళ్లు, ఒంటరిగా పనిచేసేవాళ్లు కొనొచ్చు. షాపుకి వెళ్లేముందు మీ పనిముట్లన్నిటికీ టేపు పెట్టండి. ఆ 15 అంగుళాలు ఎన్నిటికి కుదిరాయో చూశాకే డబ్బు తీయండి.