మూర్ఛకు ఆపరేషన్: పదేళ్ల తర్వాత పరిస్థితేంటి?

(విజయవాడ స్టూడియో చర్చలో కొంత భాగం)

యాంకర్: ఆపరేషన్ అనగానే ఇంట్లోవాళ్లు అడిగేది ఒక్కటే. ఫిట్స్ మళ్లీ రావు కదా?

న్యూరాలజిస్ట్: దాదాపు సగం మందికి రావండి. లండన్‌లో ఆపరేషన్ చేయించుకున్న 615 మంది పెద్దవాళ్లను ఏళ్ల తరబడి గమనించి, 2011లో లెక్క తేల్చారు. స్పృహ తప్పే ఫిట్స్ ఒక్కసారీ రానివాళ్లు ఐదేళ్లకు 52 శాతం, పదేళ్లకు 47 శాతం.

యాంకర్: తల తెరిచి చేసే ఆపరేషన్‌కి సగమేనా?

సర్జన్: ఆ సగం ఎవరిలోనో చూడండి. మందులకు లొంగనివాళ్లలో! కెనడాలో టెంపోరల్ లోబ్, అంటే కణత దగ్గరుండే మెదడు భాగంలో మొదలయ్యే మూర్ఛ ఉన్న 80 మందిని లాటరీ పద్ధతిలో రెండు గ్రూపులు చేశారు. 2001లో ఫలితాలొచ్చాయి. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్ గ్రూపులో 58 శాతం మందికి స్పృహ తప్పే ఫిట్స్ ఆగాయి, మందుల గ్రూపులో 8 శాతానికే. అన్నట్టు, అందులో చనిపోయిన ఒక్కరూ మందుల గ్రూపువారే. మన ఢిల్లీ ఎయిమ్స్‌లో 116 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. అక్కడ ఏడాదికి ఫిట్స్ ఆగినవాళ్లు ఆపరేషన్ గ్రూపులో 77 శాతం, మందుల గ్రూపులో 7 శాతం.

యాంకర్: టీచర్ గారూ, మీకు ఆపరేషన్ అయి ఆరేళ్లయింది కదా?

టీచర్ (మంగళగిరి): అవునండీ, ఫిట్స్ లేవు. అంతకుముందు పడిపోగానే చేతిలో తాళాలు పెట్టేవాళ్లు. కానీ పిల్లల పేర్లు చప్పున గుర్తురావు, హాజరుపట్టీ చూడాల్సిందే. ఈ సంగతి కూడా చెప్పాలి కదా.

సర్జన్: తప్పకుండా చెప్పాలి. ఎడమ టెంపోరల్ లోబ్‌లో చేస్తే మాటలకు, పేర్లకు సంబంధించిన జ్ఞాపకం కొంత తగ్గొచ్చు. అందుకే ముందుగా జ్ఞాపకశక్తి పరీక్షలు చేస్తాం.

టీచర్: ఇంకోటండీ. ఆపరేషన్ అయ్యాక కూడా మాత్రలెందుకని మావాళ్లు ఒకటే గొడవ.

న్యూరాలజిస్ట్: వాళ్ల మాట విని ఆపేయకండి! లండన్ లెక్కలోనే, ఫిట్స్ లేనివాళ్లలో మాత్రలు పూర్తిగా మానేసినవాళ్లు 28 శాతమే. తగ్గించాలన్నా డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఒకటి మాత్రం నిజం, ఫిట్స్ లేకుండా ఎన్నేళ్లు గడిస్తే, మళ్లీ వచ్చే అవకాశం అంత తగ్గుతుంది.

ఫోన్‌లో ఒక తల్లి (గుంటూరు): మా అబ్బాయికి మూడో మందు మొదలుపెట్టారండీ. ఇంకొన్నాళ్లు చూడమంటారా?

న్యూరాలజిస్ట్: ముందు రెండు మందులూ సరైనవేనా? మోతాదు సరిపోయిందా?

తల్లి: సరిపోయిందనే అన్నారు. మాత్ర ఒక్కపూట కూడా మానలేదండీ.

న్యూరాలజిస్ట్: సరైన మందులు రెండు వాడినా ఆగలేదంటే, ఇక ఎదురుచూడొద్దమ్మా. మందు వాడుతూనే ఎపిలెప్సీ సెంటర్‌లో చూపించండి. వీడియో ఈఈజీ (వీడియో తీస్తూ మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష), ఎమ్మారై స్కాన్ చేసి, ఫిట్స్ మెదడులో ఎక్కడ మొదలవుతున్నాయో చూస్తారు.

తల్లి: వెళితే ఆపరేషన్ చేసేస్తారేమోనని భయమండీ.

సర్జన్: అలా చెయ్యరమ్మా. చోటు స్పష్టంగా దొరక్కపోయినా, మాటకో చేతికో దెబ్బ తగిలేలా ఉన్నా, వద్దని మేమే చెప్తాం.