నాలుగు ధరలు, నాలుగు రకాల సంచులు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈరోజు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గోదాము పక్కగదిలో కూర్చున్నాం. నా ఎదురుగా ఉన్న అన్నయ్య ఈ మిల్లుకు కావలసిన సరుకంతా కొనే మనిషి. అన్నా, సరఫరాదారులను కొటేషన్ అడగడం కూడా నేర్చుకోవలసిన పనేనా?

అతిథి: నేర్చుకోవలసిందేనమ్మా. నేనైతే నష్టపోయాక నేర్చుకున్నాను. ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి, 25 కిలోల వరకు 5 శాతం జీఎస్టీ 2022 జూలై 18 నుంచి మొదలైంది కదా. చాలా మిల్లులు 26 కిలోల సంచికి మారాయి. మాకూ కొత్త సంచులు కావలసి వచ్చాయి. తెలిసిన నలుగురికి వాట్సాప్‌లో ఒకే ముక్క పంపాను: ‘26 కిలోల సంచులు పదివేలు కావాలి, రేటు చెప్పండి.’ గంటలో నాలుగు రేట్లు వచ్చాయి. తక్కువ చెప్పినవారికి ఆర్డర్ ఇచ్చేశాను.

వ్యాఖ్యాత: తర్వాత ఏమైంది?

అతిథి: లారీకి లోడు ఎత్తుతున్నారు. హమాలీ సంచిని భుజానికి ఎత్తుకున్నాడో లేదో, అడుగు కుట్టు జర్రున ఊడిపోయింది. బియ్యమంతా అతని వీపు మీదుగా నేల మీదికి జారింది. ఇంకొకటి, ఆ వెనకే మరొకటి. పని ఆపించి, ఖాళీ సంచులు పది కాటా మీద పెట్టి తూచాను. సగటున సంచికి 60 గ్రాములు కూడా లేవు. ఎక్కువ రేటు చెప్పినాయనకు ఫోన్ చేస్తే, తాను 80 గ్రాముల సంచికి ధర చెప్పానన్నాడు. నేను గ్రాములు అడగనే లేదు. నాలుగు వేరువేరు వస్తువుల ధరలు పక్కపక్కన పెట్టుకుని చవకైనది ఏరుకున్నాను. ఆ తప్పు అమ్మినవారిది కాదు, నాదే.

వ్యాఖ్యాత: మరి ఇప్పుడు ఎలా రాస్తారు? ఒకటి చదివి వినిపిస్తారా?

అతిథి: మొన్న పంపింది వినండి. ఇందులో పీపీ అంటే ఒక రకం ప్లాస్టిక్, బీఓపీపీ అంటే దానితోనే చేసిన, ముద్రణ వేసే పలుచటి పొర. ‘బియ్యం నింపడానికి బీఓపీపీ ఫిల్మ్ అతికించిన పీపీ నేత సంచులు, 26 కిలోలవి, 10,000 కావాలి. ఖాళీ సంచి బరువు 80 గ్రాములకు తగ్గకూడదు. పొడవు, వెడల్పు జతచేసిన బొమ్మలో ఉన్నాయి. అడుగు మడిచి రెండు వరుసల కుట్టు వేయాలి. ముద్రణ నాలుగు రంగుల్లో ఉండాలి. సంచి ధర, సిలిండర్ల ఖర్చు, జీఎస్టీ, మిర్యాలగూడ గోదాము వరకు రవాణా విడివిడిగా రాయండి. సరుకు వచ్చే నెల 10వ తేదీలోగా చేరాలి. అందిన 30 రోజుల్లో డబ్బు చెల్లిస్తాం. మీ ధర ఎన్ని రోజులు చెల్లుతుందో తెలపండి. రెండు నమూనా సంచులతో శుక్రవారం సాయంత్రం 5 గంటలలోగా జవాబు పంపండి.’ అంతే. ఒక పేజీ కూడా కాదు.

వ్యాఖ్యాత: సిలిండర్ల ఖర్చు విడిగా ఎందుకన్నా?

అతిథి: అక్కడే చాలామంది మోసపోతారు. ఈ ముద్రణలో రంగుకు ఒక సిలిండర్, అంటే అచ్చు వేసే రోలరు, చెక్కించాలి. అది ఒక్కసారి పెట్టే ఖర్చు. దాన్ని సంచి ధరలో కలిపేస్తే, రెండో ఆర్డర్‌కు, మూడో ఆర్డర్‌కు కూడా మనం తెలియకుండానే అదే సొమ్ము కడుతూ ఉంటాం. సిలిండర్లు ఎవరి సొంతమో కూడా ముందే రాయించుకోవాలి. రేపు సరఫరాదారును మార్చుకుంటే అవి మనకిస్తారా? అడగకపోతే ఇవ్వరు. సరుకు దించిన హమాలీ కూలి ఎవరు కట్టాలన్నదీ అంతే, తీరా లారీ గేటు ముందు నిలబడ్డాక వాదించుకుంటే లాభం లేదు.

వ్యాఖ్యాత: ధర ఆరు నెలలు చెల్లాలని అడగొచ్చా?

అతిథి: అడగొచ్చు, కానీ మనకే నష్టం. సంచులకు వాడే పీపీ గింజలు పెట్రోలియం నుంచి వచ్చేవి, వాటి ధర నిలకడగా ఉండదు. ఆరు నెలలంటే ఆయన భయపడి ముందే పెంచి రాస్తాడు. నేను పదిహేను రోజులు అడుగుతాను. చెల్లింపు గడువు కూడా నోటికి వచ్చినట్టు రాయకూడదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమవారి దగ్గర కొంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం, చెబుతోంది. ఒప్పందం లేకపోతే 15 రోజులే.

వ్యాఖ్యాత: ఒకరి ధర ఇంకొకరికి చూపించి తగ్గించమని అడుగుతారు కదా, చాలామంది?

అతిథి: నేను చేయను. ఒకాయన రాత్రి కూర్చుని లెక్క వేసి నమ్మకంతో పంపిన కాగితం అది. దాన్ని పోటీవాడి చేతిలో పెట్టడం నాకు నచ్చదు. పైగా ఆ మాట ఊళ్లో ఎంతోసేపు దాగదు, మరోసారి ఎవరూ అసలు ధర చెప్పరు. ఆర్డర్ రానివారికి కూడా రెండు వాక్యాలు రాస్తాను: ‘ఈసారి వేరొకరికి ఇచ్చాం. మీ రవాణా ఖర్చు ఎక్కువైంది.’ వచ్చేసారి వాళ్లే సరిచేసుకుని పంపుతారు.

వ్యాఖ్యాత: మా అమ్మ వాళ్లది దేవరకొండలో మహిళా సంఘం, పల్లీ పట్టీలు చేస్తారు. కవర్లు 500 మాత్రమే కావాలి. ఇంత చిన్న ఆర్డర్‌కు ఎవరైనా జవాబిస్తారా?

అతిథి: 500 అని దాచకుండా రాయండి. ‘మీరు కనీసం ఎన్ని ఇస్తారు? 500కు ఎంత, 2,000కు ఎంత?’ అని రెండు ధరలూ అడగండి. ముద్రణ వద్దు, సాదా కవరు తీసుకుని స్టిక్కర్ అతికించుకోవచ్చు. ఇంతకీ కవరులో ఎన్ని గ్రాములు పడతాయి? పట్టీ పొడవెంత? ఎన్ని రోజులు నిల్వ ఉండాలి? గాలి తగిలితే మెత్తబడుతుంది కాబట్టి కవరు మందం దాన్నిబట్టే ఉంటుంది.

వ్యాఖ్యాత: ఇవేవీ నాకు తెలియవన్నా. ఉండండి, అమ్మకు ఫోన్ చేస్తాను. స్కేలు పెట్టి కొలిచి చెప్పమంటాను.