ముందు వరుస కుర్చీ

వేదిక మీది పెద్దలకు, మా ఏఎన్ఎం, అంటే ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్ అక్కచెల్లెళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్తే భోజనాల వేళ దాటుతుంది, మన్నించండి.

మే 12, నర్సుల దినోత్సవం అనగానే అందరికీ నైటింగేల్ గుర్తొస్తుంది. నాకు ఒక కుర్చీ గుర్తొస్తుంది. చాలా ఏళ్ల కింద ఇలాంటి సభకే ఇస్త్రీ చీర కట్టుకుని పోయి ముందు వరుసలో కూర్చున్నాను. ఒకాయన వచ్చి, "అమ్మా, ఇది నర్సుల వరుస. ఏఎన్ఎంలు వెనక్కి" అన్నాడు. లేచాను. లేవడమే నా తప్పు. వెనక కుర్చీ దొరకలేదు, బిస్కెట్ ప్యాకెట్లు పంచే పని మాత్రం దొరికింది.

నేను చదివింది పద్దెనిమిది నెలల కోర్సు, ఇప్పుడది రెండేళ్లు. నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరైన మనిషిని. ఊళ్లో డాక్టరమ్మని, పట్నంలో నర్సుని కూడా కాను! 1973లో ఆరోగ్య సిబ్బంది మీద వేసిన కర్తార్ సింగ్ కమిటీ చెప్పాక కాగితాల్లో 'మల్టీపర్పస్', అంటే అన్ని పనులూ చేసే వర్కర్లమయ్యాం. పేరులోంచి నర్సు పోయింది, పని పోలేదు. మైదానంలో 5,000 మందికి, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక సబ్ సెంటర్, అంటే ఆరోగ్య ఉపకేంద్రం అన్నారు. భుజాన వ్యాక్సిన్ క్యారియర్, అందులో నాలుగు ఐస్ ప్యాకులు. క్షయ టీకా బీసీజీ మందు కలిపాక నాలుగు గంటలే ఆయుష్షు. తల్లి బిడ్డనెత్తుకుని నాట్లకు పోతే, గట్ల వెంట కేకలేసుకుంటూ పోవాలి. ఇవన్నీ మీకు తెలిసినవే, నోరు ఆగక చెప్తున్నా.

మా చెల్లెలి కూతురు టెక్సాస్‌లో ఎల్వీఎన్, అంటే మనలాగే చిన్న కోర్సు చదివిన నర్సు. చాలా రాష్ట్రాల్లో అదే ఉద్యోగాన్ని ఎల్పీఎన్ అంటారట. ఏడాది చదువు, పైన లైసెన్సు పరీక్ష. "పెద్దమ్మా, పేషెంట్ ఇంటివాళ్లు నా ముందే నిలబడి 'నర్సు ఎక్కడ' అనడుగుతారు" అంటుంది.

వెనక నిలబడ్డ పిల్లలూ, ఇక్కడ రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. మీరే రావాలి. నేను చెప్పాల్సింది మీకే.

2023 ఆగస్టులో మన తెలంగాణలో సెకండ్ ఏఎన్ఎంలు, అంటే సబ్ సెంటర్లో రెండో మనిషిగా పెట్టుకున్న ఏఎన్ఎంలు, సమ్మెకు దిగారు. నాకప్పుడు రిటైర్మెంట్ దగ్గర పడింది. మేం చేసే పనే వాళ్లదీ. మాది రెగ్యులర్ జీతం, వాళ్లది ఏళ్ల తరబడి కాంట్రాక్టు. పైనుంచి ఫోనొచ్చింది, వాళ్ల ఊళ్లు కూడా చూడమని. సరేనన్నాను. బుధవారం టీకాల రోజు, క్యారియర్ తగిలించుకుని వాళ్ల టెంటు ముందు నుంచే పోయాను. నాతో ఎన్నో రాత్రులు కాన్పుల దగ్గర కూర్చున్న పిల్ల టెంటులోంచి పిలిచింది: "అక్కా, ఎండగుంది, నీళ్లు తాగి పో." తిట్టినా బాగుండేది. తల దించుకుని పోయాను. నన్ను కుర్చీలోంచి లేపినాయనకూ నాకూ తేడా ఏముంది?

పిల్లలకు టీకాలు ఆగొద్దు కదా అంటారు. నేనూ అదే అనుకున్నాను. కానీ టీకాలేసి తిరిగొచ్చేటప్పుడైనా ఆ టెంటులో కాసేపు కూర్చోవచ్చు కదా, కూర్చోలేదు.

ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికీ సమాన వేతనమివ్వాలని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు తనంతట తాను నడిచొచ్చి జీతంలో కలవదు, వెంటపడి అడగాలి. ఏడుగురు కలిస్తే యూనియన్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చని 1926 నాటి చట్టంలోనే రాశారు. ఈ హాల్లో ఎన్ని ఏడుగురున్నారో లెక్కపెట్టండి.

తలుపు దగ్గర బల్ల మీద సభ్యత్వం పుస్తకం ఉంది. రెగ్యులర్ వాళ్లు ముందు లేవండి. పొద్దున హాజరు పట్టీలో హోదా అని ఒక గడి కనిపించింది. పెన్ను పట్టుకుని కాసేపు ఆగి, 'నర్సు, రిటైర్డ్' అని రాశాను.