తెల్లపులి ఎవరి కోసం?

అందరికీ నమస్కారం. సింగపూర్ జూ గురించి మాట్లాడమని సంఘం కార్యదర్శి గారు అడిగారు. ఈ సభలో సగం మంది ఆ జూ చూసి వచ్చినవాళ్లే. చెన్నై నుంచి విమానంలో నాలుగు గంటల దూరం. వేసవి సెలవుల్లో తిరుమల కొండ మీద ఎంతమంది మనవాళ్లు తగులుతారో అక్కడా అంతమంది తగులుతారు. అందుకని అక్కడి శుభ్రత గురించి, ట్రామ్ బండ్ల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. జంతువుల గురించే మాట్లాడతాను.

1973లో మండాయి అడవిలో, జలాశయం ఒడ్డున తెరిచిన ఆ జూలో కటకటాలు దాదాపు కనబడవు. కందకాలు, నీటి మడుగులు, గాజు గోడలు ఉంటాయి. కార్ల్ హాగెన్‌బెక్ అనే జంతువుల వ్యాపారి 1907లోనే హాంబర్గ్ దగ్గర ఇలాంటి జూ తెరిచాడు. చెన్నై శివారులోని మన వండలూరు జూ కూడా ఆ దారిలో వచ్చిందే. మూర్ మార్కెట్ దగ్గరి పాత జూలో ఇనుప బోనులు చూసిన పెద్దలు ఇక్కడ ఉన్నారు. 1985లో వండలూరు తెరిచినప్పుడు వాళ్లకు ప్రాణం లేచివచ్చి ఉంటుంది. 600 హెక్టార్లకు పైగా నేల, చెట్లు, నీడ. అదంతా మంచి మార్పే. అయితే కందకమైనా ఊచలైనా, దాటిపోలేనన్న సంగతి పులికి తెలుసు. ఊచలు కనబడకపోతే మనసు కుదుటపడేది మనకు.

1990లో అదే సింగపూర్ జూలో ఇనుకా అనే ధ్రువపు ఎలుగుబంటి పుట్టింది. ఉష్ణమండలంలో పుట్టిన మొదటి ధ్రువపు ఎలుగు అదే. ఆ జాతి వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది. మన మద్రాసు ఉక్కపోత లాంటిదే అక్కడి గాలి. 2004లో ఇనుకాకూ, దాని తల్లి షీబాకూ వెంట్రుకల లోపల నాచు పెరిగి ఒళ్లు ఆకుపచ్చబడింది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడిగి మళ్లీ తెల్లగా చేశారు. తర్వాత చల్లదనం ఉన్న కొత్త ఎన్‌క్లోజర్ కూడా కట్టారు. ఖర్చుకు వెనకాడలేదు. కానీ ఆ జంతువుకు కావలసింది నేల. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రోస్ క్లబ్, జార్జియా మేసన్ 2003లో లెక్కగట్టి చెప్పారు: అడవిలో విశాలంగా తిరిగే మాంసాహారులే బందిఖానాలో ఎక్కువగా చెడిపోతాయి, అటూ ఇటూ అదే పనిగా పచార్లు చేస్తాయి, వాటి పిల్లలూ ఎక్కువగా చనిపోతాయి. ధ్రువపు ఎలుగుకు జూలో దొరికే చోటు, సహజంగా అది తిరిగే కనీస ప్రదేశంలో సుమారు పది లక్షలలో ఒక వంతు. 2018లో ముసలితనంతో ఇనుకా బాధ పడుతుంటే వైద్యులు దాని బాధకు ముగింపు పలికారు. ఇకపై ధ్రువపు ఎలుగులను తెచ్చేది లేదని జూ అంతకుముందే ప్రకటించింది. సింగపూర్‌లో నాకు నచ్చినది ఈ నిర్ణయం.

మరొకటి కూడా నచ్చింది. ఒరాంగుటాన్లు అక్కడ తాళ్ల మీదుగా చెట్టు నుంచి చెట్టుకు పోతాయి. మేం నిలబడి ఉండగా వాన మొదలైంది. ఒక ఒరాంగుటాన్ ఆకులున్న కొమ్మ విరిచి నెత్తిన పెట్టుకుని, పైకెక్కి మాకు వీపు చూపించి కూర్చుంది. పక్కనున్న కుటుంబం కాసేపు ఎదురుచూసి, డబ్బులు దండగ అని తెలుగులోనే విసుక్కుంటూ వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ వీపు చూశాకే ఇది నయమైన జూ అనిపించింది. కంటపడకుండా పోయే వీలు జంతువుకు ఉందా లేదా అన్నదే నేను వెతికేది. తిండి, వైద్యం అన్నిచోట్లా ఎంతో కొంత ఉంటాయి.

ఇక తెల్లపులి. సింగపూర్‌లోనూ జనం అక్కడే గుమిగూడతారు, వండలూరులోనూ అంతే. ఇది వేరే జాతి కాదు, రంగు తగ్గిన మామూలు బెంగాల్ పులి. 1951లో రీవా మహారాజు ఒక తెల్లపులి కూనను పట్టించి మోహన్ అని పేరు పెట్టాడు. దానికి మామూలు ఆడపులితో పుట్టిన పిల్లల్లో ఒక్కటీ తెల్లగా లేదు. చివరికి తన కూతురు రాధతోనే దాన్ని జత కలిపారు. 1958లో తెల్ల కూనలు పుట్టాయి. ఇవాళ లోకంలోని జూలలో ఉన్న తెల్లపులుల్లో అత్యధికం ఆ వంశానివే. ఈసారి వెళ్లినప్పుడు వాటి ముఖం తీరిగ్గా చూడండి. చాలావాటికి మెల్లకన్ను ఉంటుంది. తెలుపు తెచ్చే జన్యువే కంటి నుంచి మెదడుకు పోయే నరాల దారిని కూడా మారుస్తుంది. దగ్గరి రక్తసంబంధాల వల్ల వచ్చే జబ్బులు దీనికి అదనం. ఇదంతా అడవిలో పులుల సంఖ్య పెంచడానికి చేసింది కాదు, మన చూపు కోసం చేసింది. అమెరికా జూల సంఘం తన సభ్యులను 2011లోనే ఇది ఆపమంది.

జూలన్నీ మూసేయమనే వాళ్లతో నేను కలవను. సింగపూర్‌లో పేరు మోసిన ‘అహ్ మెంగ్’ అనే ఒరాంగుటాన్‌ను ఎవరో అక్రమంగా ఇంట్లో పెంచుతుంటే జూకు తెచ్చారు. బెంగళూరు పక్కన బన్నేరుఘట్టలో, రోడ్ల మీద ఆడించి పళ్లు పీకేసిన ఎలుగులకు ఆశ్రయమిచ్చారు. వాటిని మళ్లీ అడవిలో ఎవరు వదలగలరు? అలాంటి చోటు కావాలి.

నా కోరిక చిన్నది. ఉన్న తెల్లపులులు హాయిగా బతికి ముసలివై పోనివ్వాలి, మన దేశంలో ఏ జూ కొత్త కూనలను పుట్టించకూడదు. ఎలుగు విషయంలో సింగపూర్ చేసింది, పులి విషయంలో మనం చేయవచ్చు. తెల్లపులి లేకపోతే వసూళ్లు పడిపోతాయని అధికారులు అనవచ్చు. కొంత పడిపోతాయి కూడా. ఆ లోటు టికెట్ మీద వేయమని మన సంఘం తరఫున ఉత్తరం రాద్దాం. ముసాయిదా తెచ్చాను, వెళ్లేముందు చదివి, నచ్చినవాళ్లు సంతకం చేయండి.