చెట్టుకు కొలత, నీడకు దిక్కు: తోట ప్లాను చేత్తో గీసి చూపించడం

అందరికీ నమస్కారం. దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపుల నుంచి వచ్చిన నర్సరీ వాళ్ళకూ, డ్రాఫ్ట్స్‌మన్‌లకూ, సివిల్ డిప్లొమా పిల్లలకూ ఉపయోగపడే నాలుగు మాటలు చెబుతాను.

ఇల్లు కట్టించుకునే ఆయన ప్లాను చదవడం ఎక్కడా నేర్చుకుని ఉండడు. కాగితం మీద ఎంత పచ్చగా కనిపిస్తే తోట అంత పచ్చగా వస్తుందని నమ్ముతాడు. మనం వేసిన ప్రతి రంగూ ఆయనకు మాట ఇచ్చినట్టే. అందుకే చేత్తో రంగులు వేసే ప్లానులో అందం కంటే ముందు నిజం ఉండాలి. అది ఎక్కువగా తప్పేది రెండు చోట్ల: చెట్టు కొమ్మల వెడల్పులో, నీడలో.

ముందు స్కేలు సంగతి. 1:100 అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద వంద మిల్లీమీటర్లు. 60 అడుగులకు 40 అడుగుల స్థలం 1:100లో 183 మిల్లీమీటర్లకు 122 అవుతుంది. ఏ4 కాగితంలో పడుతుంది కానీ రంగులు వేయడానికి ఇరుకు. అదే 1:50లో 366కు 244. ఏ3లో పడుతుంది గానీ పేర్లు రాయడానికి అంచు మిగలదు, కాబట్టి ఏ2 తీసుకోండి. స్కేలును అంకెల్లో రాసి ఊరుకోవద్దు, గీత స్కేలు, అంటే దూరాలు గుర్తించిన చిన్న గీత, కూడా గీయండి. జిరాక్స్ షాపులో ఏ3ని ఏ2 చేస్తే బొమ్మ కొలత 141 శాతానికి పెరుగుతుంది. అప్పుడు 1:50 అన్న రాత అబద్ధం అవుతుంది, గీత స్కేలు మాత్రం బొమ్మతో పాటే పెరిగి నిజంగానే ఉంటుంది.

విస్తీర్ణం రాసేటప్పుడు మన సరిహద్దు ప్రాంతంలో ఒక చిక్కుంది. ఒడిశాలో 25 గుంటలు ఒక ఎకరం, అంటే గుంట 1742 చదరపు అడుగుల పైచిలుకు. తెలంగాణ లెక్కలో 40 గుంటలు ఎకరం, గుంట 1089 చదరపు అడుగులు. ఇక్కడి డిసిమిల్, ఆంధ్ర సెంటు మాత్రం ఒకటే, 435.6 చదరపు అడుగులు. గడ్డి ఎన్ని అడుగులకు కొనాలి, మట్టి ఎన్ని లోడ్లు అన్న లెక్కలన్నీ ఇక్కడినుంచే మొదలవుతాయి. షీటు మీద ఎప్పుడూ చదరపు అడుగుల్లోనే రాయండి.

గీతల మందం మూడు నాలుగు రకాలు చాలు. మిల్లీమీటర్లలో చెప్పాలంటే ఇంటి గోడలకు 0.8, చెట్ల అంచుకు 0.5, పొదలకూ నడకదారి అంచుకూ 0.3, పలకల గీతలకూ గడ్డి చుక్కలకూ 0.1. అన్నీ ఒకే పెన్నుతో గీస్తే ఇల్లేదో పొదేదో తేలదు. పెన్ను పిగ్మెంట్ ఇంకుదై ఉండాలి, అదీ పూర్తిగా ఆరాలి. బాల్ పెన్ను గీత మీద ఆల్కహాల్ మార్కర్ తగిలిందంటే గీత కరిగి పచ్చ రంగు బురదవుతుంది. జిరాక్స్ నలుపు కూడా కొన్నిసార్లు చెదురుతుంది, ముందు ఒక ముక్క మీద చూసుకోండి. ట్రేసింగ్ కాగితమైతే గీత ముందు వైపు, రంగు వెనక వైపు. గీత చెదరదు, రంగు కాగితంలోంచి మెత్తగా కనిపిస్తుంది. ట్రేసింగ్ మీద నీటి రంగులు వద్దు, ఉబ్బి ముడతలు పడుతుంది. వానాకాలపు తేమకే అది వంకర తిరుగుతుంది. కొలతలు కాగితం మీద స్కేలు పెట్టి తీయకుండా అంకెల్లో రాసి ఉంచమనేది అందుకే.

మార్కర్‌ను గీత దగ్గర ఒక మిల్లీమీటరు ముందే ఆపాలి. మామూలు బాండ్ కాగితంలో రంగు అంతమేర పాకుతుంది. మధ్యలో చెయ్యి ఆపితే అక్కడ ముద్దగా మరక పడుతుంది. లేత రంగు ముందు, ముదురు తర్వాత. మూడు పచ్చలు, ఒక మట్టి రంగు, ఒక బూడిద, పువ్వులకు ఒకే ఒక రంగు: ఇంతకు మించితే చీర కొంగులా అవుతుంది. గడ్డి మొత్తం చుక్కలతో నింపొద్దు, అంచుల దగ్గర దట్టంగా పెట్టి మధ్యకు వచ్చేసరికి పలచబడనివ్వాలి. ఇటుక నేలలో అయిదింటికి ఒక ఇటుకకు రంగేస్తే చాలు, మిగతాది కన్నే పూరించుకుంటుంది.

ఇప్పుడు చెట్టు. బాగా ఎదిగిన వేప కొమ్మలు 8 మీటర్లు పరుచుకుంటాయనుకోండి. 1:100లో అది 80 మిల్లీమీటర్ల గుండ్రం. అలాగే గీసి పచ్చ నింపితే ఇంటాయన కళ్ళు మెరుస్తాయి. నాటిన రోజున ఆయనకు దొరికేది అయిదడుగుల మొక్క. అక్కడే నమ్మకం పోతుంది. పద్ధతి ఏమిటంటే, మూడేళ్ళకు వచ్చే వెడల్పును నిండు గీతతో రంగేసి చూపండి, పూర్తిగా ఎదిగిన వెడల్పును చుక్కల గీతతో చూపండి. రెండింటి పక్కనా చిన్న అక్షరాలతో ఏళ్ళు రాయండి. మన తీరాన మరో గుండ్రం కూడా కావాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ తుపాను గజపతి జిల్లాను దెబ్బకొట్టింది. అవి చూసినవాళ్ళు మొదట అడిగేది ‘చెట్టు ఇంటి మీద పడదు కదా’ అని. చెట్టు మొదలు కేంద్రంగా, అది ఎదిగే ఎత్తంత వ్యాసార్ధంతో ఒక పలచని వలయం గీయండి. అది గోడను తాకితే చెట్టు జరపాలో, చిన్న జాతి ఎంచాలో కాగితం మీదే తేలిపోతుంది.

నీడ దగ్గర కాసేపు ఆగాలి. ప్లానుకు లోతు ఇచ్చేది నీడే, అది లేకపోతే చెట్టూ గడ్డీ ఒకే మట్టంలో పడుకున్నట్టుంటాయి. గీయడం తేలిక. చెట్టు గుండ్రాన్ని ఒక దిక్కుకు జరిపి మళ్ళీ గీసి, బయటికి మిగిలిన నెలవంక ముక్కను నింపడమే. జరిపే దూరం ఎత్తుకు మూడో వంతు పెట్టుకోండి: 9 మీటర్ల చెట్టుకు 1:100లో 30 మిల్లీమీటర్లు, రెండు మీటర్ల ప్రహరీకి ఏడు లోపు. దిక్కు షీటంతా ఒకటే. నల్లగా పూయకుండా లేత బూడిద మార్కర్ వాడితే నీడ కింద పలకల గీతలు కనిపిస్తాయి.

అయితే ఇది బొమ్మ నీడ. ఇంటాయన దాన్ని ఎండ నీడ అనుకుంటాడు. బరంపురం 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంది. డిసెంబరు మధ్యాహ్నం పదడుగుల గోడ నీడ ఉత్తరానికి సుమారు తొమ్మిదడుగులు పడుతుంది. మే మధ్య నుంచి జూలై చివరి దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, జూన్‌లో అదే గోడ నీడ దక్షిణానికి అడుగు కూడా పడదు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి మాత్రం తూర్పు వైపుకు పదహారు అడుగుల దాకా సాగుతుంది. కాబట్టి కూర్చునే అరుగుకు నీడ కావాలంటే చెట్టు పడమట ఉండాలి. షీటు మూలలో అరచేతంత చిన్న బొమ్మ వేసి, మే సాయంత్రం నాలుగింటి నీడ ఒక్కటే నిజమైన కొలతలో చూపండి. పెద్ద బొమ్మ కింద ‘నీడ లోతు కోసం’ అని రాయండి.

ఉత్తరపు బాణం ముందే తేల్చుకోండి, ఈశాన్యం ఎక్కడని అడగని ఇల్లు లేదు. ఫోను దిక్సూచి ఇనప గేటు పక్కనా, కడ్డీల కుప్ప పక్కనా తప్పు చూపిస్తుంది, దూరంగా రెండు మూడు చోట్ల నిలబడి చూడాలి. షీటులో మాత్రం వీధి గేటు కింది వైపు ఉండనివ్వండి. మనిషి లోపలికి వచ్చే దిక్కులోనే బొమ్మ ఉంటే, గేటు దగ్గర వేలు పెట్టి నడిపించుకుంటూ చెప్పవచ్చు: ఇక్కడ చెప్పులు విడుస్తారు, ఇక్కడ తులసి కోట, ఇక్కడ బండి తిరుగుతుంది.

మొదటిసారి రంగుల ప్లాను తీసుకెళ్ళకండి. రంగు పడిన బొమ్మ పూర్తయినట్టు కనిపిస్తుంది, మార్చమనడానికి పెద్దలు మొహమాటపడతారు, ఆ మాట పని మొదలయ్యాక బయటికొస్తుంది. మొదట పెన్సిలు ప్లాను, దానిపై బటర్ పేపర్ (కింది బొమ్మ కనిపించే పలచని కాగితం) చుట్ట. ‘బావి అటుంటే బాగుండు’ అంటే అక్కడే బటర్ పేపర్ పరిచి గీసేయవచ్చు. ఇంట్లో నీళ్ళు పోసే వాళ్ళనూ, బట్టలు ఆరేసే వాళ్ళనూ కూడా కూర్చోబెట్టండి. ఆరేసే తీగకు చోటు లేని ప్లానుకు ఎంత రంగు వేసినా దండగే. రెండోసారి రంగు షీటుతో పాటు 1:50లో ఒక అడ్డకోత (తోటను నిలువుగా కోసి పక్కనుంచి చూసినట్టు గీసే బొమ్మ) చాలు, అందులో అయిదున్నర అడుగుల మనిషి బొమ్మ తప్పనిసరి. ఒప్పుకున్న ప్రతి మీద తేదీ, మార్పు సంఖ్య, సంతకం ఉండాలి.

పనివాళ్ళకిచ్చే ప్రతికి రంగు అక్కర్లేదు, పేర్లే ముఖ్యం. ఇంటాయన తెలుగు, గుంత తవ్వే ఆయన ఒడియా. పొగడను ఒడియాలో బౌళ అంటారు, పొన్నను పోలాంగ, కానుగను కరంజ, మొగలిని కియా. అన్నిటికంటే ప్రమాదం ‘నిమ’ అన్న మాట. ఒడియాలో అది వేప, మన చెవికి నిమ్మలా వినిపిస్తుంది. వాళ్ళ నిమ్మ లెంబు. నిమ్మ అనుకుని వంటింటి కిటికీ పక్కన వేప నాటితే తెలిసేసరికి రెండేళ్ళు. రెండు భాషల పేర్లూ, శాస్త్రీయ నామమూ, మొక్కల లెక్కా, గుంత కొలతా ఒకే పట్టీలో రాసి, చెట్టు బొమ్మ మధ్యలో అంకె మాత్రం వేయండి. ఆ షీటును ప్లాస్టిక్ కవరులో పెట్టి సైటులో నీడన ఉన్న గోడకు తగిలించాలి.