360 కెమెరా పెట్టించాక పడిన సొట్ట ఇది!

నమస్కారం అండీ. ముందు ఈ సొట్ట చూడండి. మా వ్యాన్ ఎడమ పక్క, టాప్ అంచుకి కాస్త కింద, జానెడు పొడుగు ఉంటుంది. మూడేళ్ళుగా ఈ బండినే ఇల్లు చేసుకుని తిరుగుతున్నాం, ఒక్క గీత పడలేదు. 360 డిగ్రీల కెమెరా పెట్టించిన వారానికి ఇది పడింది.

రాజోలు వైపు ఒక కాలవ గట్టు మీద వెళ్తున్నాం. ఎదురుగా కొబ్బరికాయల లోడుతో ట్రాక్టర్ వచ్చింది. లోడు బండిని వెనక్కి వెళ్ళమనలేం కదా, నేనే రివర్స్ వేశాను. స్క్రీన్‌లో పైనుంచి చూస్తున్నట్టు మా బండి, గట్టు అంచు, ఒక కొబ్బరి చెట్టు మొదలు, అన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. మొదలుకీ మాకూ మధ్య రెండడుగులు ఖాళీ ఉంది. ధైర్యంగా పోనిచ్చాను. పైన కర్రుమంది. మన కోనసీమ చెట్లు తిన్నగా ఎక్కడ నిలబడతాయండీ! మొదలు రెండడుగుల అవతలే ఉంది, మాను మాత్రం మా టాప్ మీదకి వాలి ఉంది.

కెమెరా చెడిపోలేదు, దాని పని అది చేసింది. నాలుగు వైపులా నాలుగు కెమెరాలు, ఒక్కోటీ దాదాపు 180 డిగ్రీలు చూస్తుంది. లోపలున్న బాక్స్ ఆ నాలుగు బొమ్మల్నీ సాగదీసి, కత్తిరించి, ఒకటిగా అతికిస్తుంది. అతికించేటప్పుడు కనిపించేదంతా చదును నేల మీద పరిచి ఉందనే లెక్క వేస్తుంది. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఎక్కడుందో సరిగ్గా అక్కడే చూపిస్తుంది. నేల నుంచి పైకి లేచినవి మాత్రం బయటికి సాగిపోయి, ఉన్నదానికంటే దూరంగా కనబడతాయి. ఇక కెమెరా కంటే ఎత్తులో ఉన్నది, పైనుంచి చూస్తున్నట్టుండే ఆ పై బొమ్మలోకే రాదు. మాకు పెట్టిన షాపులో పక్క కెమెరాలు అద్దాల కింద బిగించారు. సొట్ట దానికి ఎంత పైన పడిందో మీరే చూస్తున్నారు.

అద్దాల కింద బిగించడం కారుకి సరిపోతుంది. మా బండి పొడుగు సుమారు 7 మీటర్లు. అద్దాలు ముందు ఉంటాయి కాబట్టి వెనక సగం ఆ లెన్సుకి బాగా అంచున పడి, నీళ్ళలో చూసినట్టు ఉంటుంది. అందుకని రెండు పక్క కెమెరాలూ విప్పి, బండి పొడుగుకి నడిమధ్యన, టాప్ అంచు కింద పెట్టించాం. కారు కిట్‌లో వచ్చే వైర్లు అక్కడిదాకా చాలవు. టాప్ లోపల అతుకులు వేయొద్దండీ, బస్సులకీ లారీలకీ వచ్చే పొడుగు కేబుళ్ళే అడగండి. ఎండకి పందిరి వేసుకునే గుడ్డ రోలు మీ బండికి ఉంటే, కెమెరా దానికి కిందకి రావాలి, లేకపోతే రోలే కనబడుతుంది.

రేకుకి కన్నం పెట్టేటప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. మనది ఉప్పు గాలి. డ్రిల్లు వేసిన అంచుకి వెంటనే పెయింటు తగలాలి, రాలిన ఇనుప రజను తుడిచేయాలి, వైరుకి రబ్బరు వాషరు వేసి సీలెంటు పూయాలి. వైరు బయట ఒక వంపు కిందికి దించి అప్పుడు కన్నంలోకి తీసుకెళ్తే, వాన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. కరెంటు ఇంజిన్ బ్యాటరీ నుంచి, తాళం తిప్పితేనే వచ్చే వైరు నుంచి, మధ్యలో ఫ్యూజు వేసి తీసుకున్నాం. రివర్స్ లైటు వైరూ, ఇండికేటర్ల వైర్లూ బాక్స్‌కి కలిపితే ఎటు ఇండికేటర్ వేస్తే అటు పక్క కెమెరా పెద్దదిగా వస్తుంది. గట్టు మీద నేను ఇప్పుడు వాడేది అదే. అతికించని బొమ్మ కాబట్టి వాలిన మాను వాలినట్టే కనబడుతుంది.

కెమెరాలు కదిపితే కాలిబ్రేషన్ మళ్ళీ చేయాలి. నలుపు తెలుపు గళ్ళ గుడ్డలు బండి చుట్టూ పరిచి, ఆ గళ్ళ మూలల్ని బట్టి నాలుగు బొమ్మలూ కలుపుతారు. మొదటిసారి షాపు ముందు ఏటవాలు రోడ్డు మీద కానిచ్చేశారు, స్క్రీన్‌లో రోడ్డు గీతలు బొమ్మలు కలిసే మూలల దగ్గర విరిగినట్టు కనబడేవి. బండి కంటే పెద్ద చదును చోటు మన డెల్టాలో ఎక్కడ దొరుకుతుంది? మా బావ రైస్ మిల్లు వాళ్ళని అడిగి వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం ఇప్పించాడు. అక్కడా ఒక తమాషా. గాలికి గుడ్డలు ఎగురుతున్నాయని బావ ఒక్కో గుడ్డ మీదా కొబ్బరికాయలు పెట్టాడు, సరిగ్గా గళ్ళ మూలల మీద! బాక్స్ నాలుగుసార్లు ఫెయిల్ అంది. కాయలు అంచులకి జరిపి, బండి నీడ గుడ్డ మీద పడకుండా మబ్బు పట్టేదాకా ఆగాం. అప్పుడు ఒక్కసారికే కుదిరింది.

అయినా మూలల్లో అతుకు ఉన్నచోట కాస్త గుడ్డితనం ఉంటుంది. మొన్న ఒక కుక్క వెనక కెమెరాలోంచి నడిచి పక్క కెమెరాలోకి రావాలి, మధ్యలో క్షణంపాటు మాయమైంది. కుక్క కాబట్టి నవ్వుకున్నాం, పిల్లలైతే? అందుకే వెనక్కి వెళ్ళేటప్పుడు అద్దాలు చూడటం మానలేదు.

రేపు సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బండ్లని గోదావరి దాటించే పడవ, ఎక్కి అవతల నర్సాపురం చేరాలి. రేవు దిగేచోట నేల చదును కాదు, పై బొమ్మ లెక్క తప్పుతుంది. స్క్రీన్ కట్టేసి, బావని ముందు దింపుతున్నాను. చేత్తో సైగ చేస్తూ "రానీ, రానీ" అంటాడు. కాయలు మాత్రం ఎక్కడా పెట్టొద్దని చెప్పాను.